డిసెంబరు నెల అట్ట

రాయదుర్గంలో పుస్తకాలు బైండు చేసే మనిషి ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. పేరు తిప్పేష్, వయసు అరవై ఎనిమిది. ఒకప్పుడు కోట కింది వీధిలో మూడు బైండింగు అంగళ్లు ఉండేవి. ఇప్పుడు ఆ వీధి పొడుగునా జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడే. ఆ చప్పుడు మధ్యలో కటింగు మిషనూ, దబ్బనమూ, దారపుండా, మైదా గంజి గిన్నే పెట్టుకుని ఈయన కూర్చుంటాడు. పనుందా అంటే ఏముంటుంది, నెలకు రెండు బడి రిజిస్టర్లు, ఎప్పుడైనా కోర్టు కాగితాలు. మరెందుకయ్యా రోజూ తలుపు తీయడం అంటే, ఇంట్లో కూర్చోలేక. ఇంట్లో కదిరమ్మ లేదు.

పోయిన శ్రావణంలో రెండు రోజుల జ్వరానికి పోయింది కదిరమ్మ. నలభై నాలుగేళ్లు కాపురం చేసిన పెళ్లాం పోతే ఎట్లుంటుందో తిప్పేష్ ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడం ఆయనకు చేతకాదు. తిట్టడం వచ్చు, ఎగతాళి చేయడం అంతకంటే బాగా వచ్చు. నోరు తెరిస్తే నలుగురూ నవ్వాల్సిందే. ఆ నవ్వు ఎవరి నెత్తిన పడుతుందో చూసుకునే అలవాటు మాత్రం ఆయనకు ఏనాడూ లేదు.

అట్లాంటి అంగట్లోకి ఒక పొద్దున లహరి వచ్చింది. బజారులో బట్టల అంగడి వాళ్ల మనవరాలు, అనంతపురంలో పెద్ద చదువు చదువుతోంది. దేని మీద చదువు అని ఎవరైనా అడిగితే ఆ పిల్లే ముందు నవ్వేస్తుంది. రెండు వందల ఎనభై ఏళ్ల కిందట అమెరికాలో మొట్టమొదట వచ్చిన పత్రికల మీద. రాయదుర్గం శెట్ల పిల్లకు అమెరికా వాళ్ల పాత పత్రికలు ఎందుకమ్మా అని వాళ్ల ఇంట్లోనే వంద సార్లు అడిగి విసిగిపోయారు.

"తాతా, మీతో కొంచెం పనుంది. పుస్తకం బైండు చేసేటప్పుడు పత్రికల అట్టలు ఎందుకు చించేస్తారు?" అని అడిగింది, స్టూలు మీద కూర్చోకముందే.

తిప్పేష్ కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఏమ్మా, పోలీసోళ్లు పంపినారా నిన్ను?"

"లేదు తాతా, నా పుస్తకంలో రాసుకోవాల."

"చించకపోతే ఎట్ల? పన్నెండు నెలలవి పన్నెండు పుస్తకాలు కలిపి కుట్టాల. అట్ట మందం, నున్నన. దబ్బనం దిగదు, దారం పట్టదు. అయినా అట్టలో ఏముంటాది? సబ్బు బొమ్మ, పండ్లపొడి బొమ్మ. పన్ను పీకినట్ల పిన్ను పీకి, అట్ట చించి అవతల పడేస్తాం. మా గురువు నాకు నేర్పింది అదే."

లహరి గబగబా రాసుకుంది. తర్వాత తన సంగతి చెప్పింది. అమెరికాలో మొదటి పత్రికలు రెండూ ఒకే ఊళ్లో, మూడు రోజుల తేడాలో పుట్టాయట. ఒకటి మూడు నెలలకు పోయింది, ఇంకొకటి ఆరు నెలలకు పోయింది. ఆ తర్వాత వచ్చినవీ ఏడాదో రెండేళ్లో బతికి పోయేవి. రాసేవాళ్లు సొంత పేరు పెట్టుకునేవాళ్లు కారు, అన్నీ మారుపేర్లే. ప్రకటనలూ, రాసినవాళ్లకు సంపాదకుడు చెప్పే కబుర్లూ పైనున్న పలచటి అట్ట మీద వేసేవాళ్లు. ఏడాది తిరగ్గానే చందాదారులు ఆ పత్రికలను బైండరుకు ఇచ్చేవాళ్లు. బైండరు శుభ్రంగా అట్టలు చించి పారేసేవాడు. ఇప్పుడు లోకం మొత్తం వెతికినా ఆ అట్టలు ఏవో కొన్ని తప్ప దొరకవు. ఎవరు రాశారో తెలియని రాతలు వేలకు వేలు ఉన్నాయి.

"అంటే ఆ దేశం బైండరు కూడా నా మాదిరే" అన్నాడు తిప్పేష్. ఎందుకో ఆయనకు బాగా నచ్చింది ఆ సంగతి. సముద్రాల అవతల, ఇన్నేళ్ల కిందట, ఎవడో ఒకడు తనలాగే గంజి చేతులతో కూర్చుని అట్టలు చించాడన్న మాట.

"అవును తాతా. ఆయన చించిన దానికి నేను ఏడుస్తాండా ఈడ." ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత ఆ పిల్ల బ్యాగులోంచి కొన్ని జిరాక్సు కాగితాలు తీసింది. "అమెరికా కథ మనవాళ్లకు అర్థం కావాలంటే మన పక్కన జరిగిందొకటి చూపించమన్నారు మా గైడు. అందుకని 'మెట్టచేను' తీసుకున్నా. గుర్తుందా మీకు?"

గుర్తులేకేం. కుందుర్పి బయ్యన్న నడిపిన మాసపత్రిక అది. బయ్యన్న వేరుశనగ పండించే రైతు, చదువు పిచ్చి. వానలు రాకపోతే పత్రిక, వానలొస్తే చేను అని ఆయన్ను చూసి జనం నవ్వేవాళ్లు. వానలు ఎటూ రావు కాబట్టి పత్రిక పదకొండేళ్లు నడిచింది. ఆ లెక్కన అమెరికా వాళ్ల కంటే బయ్యన్నే నయం. ఊరి లైబ్రరీకి వచ్చే 'మెట్టచేను' సంచికలన్నీ ఏడాదికొకసారి బైండు చేసింది తిప్పేషే. బైండు చేశాడు గాని ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. బైండరు చదువుతూ కూర్చుంటే పని సాగదని గురువు చెప్పిన మాట, తిప్పేష్ తు.చ. తప్పకుండా పాటించాడు.

"దీంట్లో ఎనభై మూడు నుంచి ఎనభై ఆరు దాకా ఒక శీర్షిక వచ్చింది తాతా. 'బిందె మనిషి' అని మారుపేరు. ఎంత బాగుంటుందో! ఎవరు రాసినారో ఎవరికీ తెలీదు. బయ్యన్న గారు లేరు. వాళ్ల కోడలు లక్ష్మీదేవమ్మ గారిని అడిగితే, ఇంట్లో కాగితాలన్నీ చెదలు పట్టి ఎప్పుడో కాల్చేసినామన్నారు. ఇదొకటి వినండి, మీ పని గురించే." అని చదవడం మొదలుపెట్టింది.

"మా ఇంటాయన గంజిలో మైలుతుత్తం కలుపుతాడు. పురుగు పట్టదంట, నూరేండ్లు ఉంటాదంట పుస్తకం. బిందెకు అట్లాంటి మందు యాదీ ల్యా. రెండేండ్లకే అడుగు పోతాది. మోసే దానికి అసలే ల్యా. ఈ పొద్దు బోరింగు కాడ కూచోని లెక్క ఏసుకుంటే, పెండ్లయినప్పట్నుంచి నేను మోసిన నీళ్లు పోస్తే కోట కింద ఒక చెరువు అయితాది. ఆ చెరువుకు ఎవురి పేరు పెడతారో చూడల్ల. మా ఇంటాయన పేరే పెడతారు, యాలంటే తాగింది ఆయప్ప కదా."

తిప్పేష్ చేతిలో దబ్బనం ఆగిపోయింది. నవ్వు వచ్చింది, వచ్చినట్టే పోయింది. అది కదిరమ్మ మాట. ఆ 'చూడల్ల', ఆ 'ఆయప్ప', ఆ దీర్ఘం తీసి పొడవడం, అన్నీ కదిరమ్మవే. పది నెలలైంది ఆ గొంతు విని. ఎవరో పరాయి పిల్ల నోట్లోంచి, నలభై ఏళ్ల కిందటి కాగితం మీంచి లేచి వచ్చి మీద పడింది.

"ఇంకొకటి చదువు పాపా" అన్నాడు.

లహరి చదివింది. నీళ్ల వరసలో ముందు నిలబడ్డామె బిందెలో సొట్టలు చూసి కాపురం ఎట్లుందో చెప్పేయడం గురించి. ఆ తర్వాత ఇంకొకటి, కరువు చూడ్డానికి వచ్చిన అధికారికి ఊరంతా కలిసి మజ్జిగ ఇచ్చి, ఆయన వెళ్లాక మజ్జిగలో పోసిన నీళ్ల కోసం పోట్లాడుకున్నది. నాలుగోది మొదలుపెట్టేసరికి తిప్పేష్ చేయెత్తి ఆపాడు. కళ్ల నిండా నీళ్లు.

"ఎవురు రాసినారో నాకు తెలుసు. మా ఇంటామె రాసింది. కదిరమ్మ."

లహరి లేచి నిలబడింది. "తాతా! నిజమా?"

"ఒకసారి చెప్పింది నాతో. నేను నమ్మల్యా." అంతవరకే చెప్పాడు. ఆ చెప్పడం ఎట్లా జరిగిందో, తను ఏమన్నాడో పూర్తిగా చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

లహరి బాధపడుతూనే అసలు మాట చెప్పింది. "నేను నమ్ముతా తాతా. కానీ నా పుస్తకంలో రాయాలంటే ఆధారం కావాల. ఆమె దాచుకున్న కాగితమేదైనా ఉందా? బయ్యన్న గారు రాసిన ఉత్తరం?"

ఏముంది! ఏడో తరగతి చదివి కాపురానికి వచ్చింది కదిరమ్మ. ఇంట్లో ఆమె కాగితం పట్టుకోగా తిప్పేష్ చూసింది లేదు. ఎప్పుడు రాసిందో, ఎక్కడ కూర్చుని రాసిందో, కార్డు ఎవరి చేత వేయించిందో ఏమీ తెలియదు. ఒకే కప్పు కింద ఉండి కూడా తెలియదు. ఆ మాట తలచుకుంటేనే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఒక్కటే దారి ఉంది" అంది లహరి. "ఎనభై ఆరు నవంబరు సంచికలో బయ్యన్న గారు ఒక మాట రాసినారు. మారుపేర్లతో రాసేవాళ్ల అసలు పేర్లు డిసెంబరు సంచిక చివరి అట్ట లోపలి వైపు వేస్తాను అని. ఆ అట్ట దొరికితే చాలు. దొరకలేదు. లైబ్రరీలో ఉండేది బైండు పుస్తకం, అట్టలన్నీ..."

ఆ పిల్ల మధ్యలో ఆపేసింది. ఎవరు చించారో ఇద్దరికీ తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది తిప్పేష్‌కు. ఎనభై ఏడు జనవరి. లైబ్రరీ నుంచి 'మెట్టచేను' కట్ట వచ్చింది. తను పిన్నులు పీకి అట్టలు చించుతూ ఉన్నాడు. కదిరమ్మ అన్నం క్యారియరు తెచ్చి పక్కన పెట్టి, ఎప్పటిలా వెళ్లిపోకుండా నిలబడింది. డిసెంబరు పుస్తకం తన చేతికి వచ్చినప్పుడు, "ఆ కడపటి అట్ట ఒకసారి చూసి చించు" అంది. "అట్టలో ఏం చూస్తారే, నీ మొగం ఏమన్నా ఏసినారా దాని మీద?" అని చర్రున చించాడు. ఆమె క్యారియరు మూత తీసి, అన్నం వడ్డించి వెళ్లిపోయింది. ఆ జనవరి నుంచే శీర్షిక రావడం ఆగిపోయిందని ఇప్పుడు ఈ పిల్ల చెబుతుంటే తెలిసింది.

అంటే కదిరమ్మ పేరు అచ్చయింది. మొగుడికి చూపించాలని ఎండన పడి వచ్చింది. మొగుడు చించాడు. తిప్పేష్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "చూడ్నే ల్యా పాపా. ఒక్క నిమిషం తిప్పి చూసిన పాపాన పోల్యా."

ఉన్నట్టుండి తలెత్తాడు. "చించినాను గాని పారేయల్యా!"

సంగతేమిటంటే, తిప్పేష్‌కు ఒక పద్ధతి ఉంది. పుస్తకం కుట్టాక, గుడ్డ అంటించేముందు వీపు మీద కాగితపు పట్టీలు వేయాలి, బిగువు కోసం. మిగతా బైండర్లు ఏ పాత పేపరో వేస్తారు. తిప్పేష్ అట్లా కాదు. ఏ పుస్తకంలో చించిన అట్ట ఆ పుస్తకం వీపుకే. దాని చెత్త దానికే అని ఆయన లెక్క. అట్టలు చించి ఒకదాని మీద ఒకటి పడేసేవాడు కాబట్టి చివర చించిందే పైన ఉండేది, ముందు చేతికి వచ్చేదీ అదే. అంటే డిసెంబరు నెలది. దాన్ని నిలువునా మూడు ముక్కలు కోసి, మూడూ ఒకదాని మీద ఒకటి అంటించేవాడు. అన్ని పుస్తకాలకూ అంతే, నలభై ఏళ్లుగా అంతే.

"ఎనభై ఆరు పుస్తకం వీపు విప్పితే ఉంటాది పాపా. మైలుతుత్తం కలిపిన గంజి నాది. చెద ముట్టదు."

లహరి సంతోషంతో జిరాక్సు కాగితాలన్నీ గబగబా బ్యాగులో కుక్కుకుంది. తిప్పేష్ అంగడికి తాళం వేసి, దబ్బనం, కత్తి, పాత తువ్వాలు సంచిలో వేసుకుని అప్పుడే బయలుదేరాడు.

లైబ్రరీలో అంజనమ్మ ముందు ఒప్పుకోలేదు. అక్కడ లైబ్రేరియను ఆమె, పుస్తకమంటే పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటుంది. "ఏమన్నా, నువ్వే కట్టి నువ్వే చింపుతావా? పైవాళ్లు వచ్చి అడిగితే నేనేం చెప్పల్ల?" అని గట్టిగానే అంది. "ఈ పొద్దే మళ్లా కట్టిచ్చి పోతా తల్లీ. కట్టకపోతే నన్ను చెట్టుకు కట్టేయ్" అన్నాడు తిప్పేష్. ఆ గొంతులో ఎగతాళి లేదు. అది గమనించి అంజనమ్మ బీరువా తాళం తీసింది.

ఎనభై ఆరు పుస్తకం బయటికి వచ్చింది. నల్ల గుడ్డ, వీపు మీద తన చేతి అక్షరాలు. కత్తి మొనతో గుడ్డ ఒక పక్క లేపి వొలిచాడు. తువ్వాలు వేడినీళ్లలో ముంచి పిండి వీపు మీద పరిచాడు. అరగంట నానాలి. ఆ అరగంటా ఆయన తువ్వాలు మీంచి చేయి తీయలేదు. పేపర్లు చదివే ముసలాళ్లు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. ఏం జరుగుతోందని ఒకరు అడిగితే ఇంకొకరు చెప్పారు. మన తిప్పేషన్న పెండ్లాం కథలు రాసిందంట, పేరు కోసం వెతుకుతాండారంట అని.

పై పట్టీ ఊడి వచ్చింది. గాజు బల్ల మీద పరిచి, గుడ్డతో గంజి తుడిచారు. వరుసగా ఊర్ల పేర్లు. కుందుర్పి, మడకశిర. మూడో వరసలో 'బైండింగ్ వర్క్స్, రాయదుర్గం' అని ఉంది.

"మా అంగడి!" అని అరిచాడు తిప్పేష్. "చూసినావా పాపా, మా అంగడే!" లహరి చప్పట్లు కొట్టింది. అంజనమ్మకు కూడా ఉత్సాహం వచ్చి ఫ్యాను ఆపేసింది, పట్టీ ఎగిరిపోకుండా.

రెండో పట్టీ మారుపేర్లది. మెట్ట రైతు, వాన కోయిల, బిందె మనిషి. మూడో వరసలోనే ఉంది బిందె మనిషి. రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి మధ్యలో చోటు వదిలారు. ఇక అసలు పేర్లుండే మధ్య పట్టీ ఒక్కటే బాకీ. అది దారాలకు అతుక్కుపోయి ఉంది. తిప్పేష్ దాన్ని గోటితో, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున లేపాడు. ఇన్నేళ్ల పనిలో అంత జాగ్రత్తగా ఆయన ఏ కాగితాన్నీ ముట్టుకోలేదు.

బల్ల మీద పెట్టాక ముందు చదివింది లహరి. చదివి పక్కకు జరిగింది. తిప్పేష్ కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు.

బిందె మనిషి, శ్రీ తిప్పేష్, బైండింగ్ వర్క్స్, రాయదుర్గం.

ఒకసారి కాదు, నాలుగుసార్లు చదివాడు. అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాడు. ఎన్నిసార్లు చదివినా అదే.

ఎట్లా జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కదిరమ్మకు సొంత చిరునామా ఎక్కడిది? కార్డు మీద మొగుడి పేరున్న అంగడి రబ్బరు ముద్ర వేసి పంపి ఉంటుంది. కుందుర్పిలో కూర్చున్న బయ్యన్న ఆ ముద్ర చూసి, బైండరు ఆడమనిషి గొంతుతో భలే రాస్తున్నాడు అనుకుని ఉంటాడు. మంచి మనసుతోనే ఆ పేరు వేసి ఉంటాడు. పాపం ఆయనకేం తెలుసు! ఈ అట్ట ముందే ఎక్కడో చూసింది కాబట్టే కదిరమ్మ ఆ రోజు అంగట్లో నిలబడిపోయింది. 'చూసి చించు' అన్నది ఇందుకు. తన పేరు చూపించడానికి కాదు. నా రాతకు నీ పేరు పెట్టినారు చూడు, నువ్వయినా ఒక మాట చెప్పు అని అడగడానికి. ఆ తర్వాత కలం పట్టలేదు. పట్టి ఏం చేయాలి? ఎంత రాసినా మొగుడి ఖాతాలోకే పోతుంటే ఎవరు మాత్రం రాస్తారు!

చుట్టూ ఉన్న జనానికి ఇదంతా ఎట్లా తెలుస్తుంది. ముందు అంజనమ్మే అరిచింది. "అన్నా! నువ్వేనా! ఇన్నేండ్లు మా కండ్ల ముందరే ఉండి ఒక్క మాట చెప్పల్యా నువ్వు!" పేపరు చదివే ముసలాయన ఒకాయన వచ్చి తిప్పేష్ చేయి పట్టుకుని ఊపాడు. పిల్లలు ఫోన్లలో ఫొటోలు తీశారు. ఎవరో టీలు తెమ్మని కేకేశారు. అంజనమ్మ బీరువాలోంచి, ఏ పెద్దమనిషి సన్మానానికో తెచ్చి మిగిలిన శాలువా తీసి దులిపింది.

"నేను కాదు. మా ఇంటామె రాసింది" అన్నాడు తిప్పేష్.

"ఊరుకో అన్నా, పెండ్లాం మీద ప్రేమ ఉండల్ల గాని మరీ ఇంతా? అచ్చులో నీ పేరుండాది కదా. కదిరమ్మక్క నాకు తెలీదా, రోజూ బోరింగు కాడ చూసేదాన్ని. ఆయక్కకు ఇంత రాసేది యాడ వస్తాది?" అంది అంజనమ్మ నవ్వుతూ, శాలువా భుజాల మీద వేస్తూ.

తిప్పేష్ ఆ శాలువాను తీసి బల్ల మీద పడేశాడు. లహరి వైపు తిరిగాడు. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"పాపా, నువ్వు చెప్పు వీళ్లకు. మొగుని గురించి ఉండాది దాంట్లో, నువ్వే చదివినావు. మొగుడే అట్ల రాసుకుంటాడా?"

లహరి తల దించుకుంది. "నాకు తెలుసు తాతా. కానీ మా గైడు ఇదే అడుగుతారు. ఆ కాలం అమెరికా పత్రికల్లో మగాళ్లు ఆడవాళ్ల మాదిరి రాయడం మామూలే, నేనే ఒక అధ్యాయం రాసినా దాని మీద. ఇప్పుడు అచ్చులో మీ పేరు దొరికింది. గంజి సంగతి, మైలుతుత్తం సంగతి మీకు తెలిసినవే. అన్నీ మీ వైపే చూపిస్తాండాయి."

"అయితే నా పేరే రాస్తావా?"

ఆ పిల్ల బల్ల మీది పట్టీల వైపు చూసింది. తిప్పేష్ కుర్చీలో కూలబడ్డాడు. మొదట పేరు లేకుండా పోయింది అనుకుని వచ్చాడు. ఇప్పుడు వెతికి వెతికి, తన చేతులతోనే వొలిచి, ఆమె రాసిందాన్ని తనే దోచుకున్నట్టయింది. చించిన అట్ట వీపులోనే ఉండిపోయి ఉంటే కనీసం ఎవరిదో తెలియదనే రాసేవాళ్లు.

కొంతసేపటికి లహరి వచ్చి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మెల్లగా అడిగింది. "తాతా, ఒకసారి చెప్పింది అన్నారు కదా, నేనే రాసినానని. ఎప్పుడు? ఎవరైనా విన్నారా? అప్పట్లోనే ఆమె నోటితో చెప్పి ఉంటే, అది సాక్ష్యమే. ఈ అట్ట అచ్చు కంటే ముందే చెప్పినట్టు లెక్క. కానీ పూర్తిగా, జరిగింది జరిగినట్టు చెప్పాల. నేను రికార్డు చేసుకోవాల."

తిప్పేష్ ఆ పిల్ల చేతిలోని ఫోను వైపు చూశాడు. తర్వాత చుట్టూ నిలబడ్డ జనాన్ని చూశాడు. వాళ్లెవరూ వెళ్లేలా లేరు. వెళ్లమని ఆయనా అనలేదు.

"చెప్తా, పెట్టు" అన్నాడు.

"ఎనభై నాలుగు, ఎండాకాలం. అంగట్లో నలుగురు ఉండిరి. అప్పటి లైబ్రరీ ఆయన, బడి అయ్యవారు ఒకాయన, ఇంకా ఇద్దరు. మా యామె అన్నం తెచ్చింది. కొంగు కింద ఆ పుస్తకం పెట్టుకోని వచ్చింది. సిగ్గుపడతా, సంతోషపడతా, 'ఇదో, ఈ బిందె మనిషి నేనే, నేను రాసిందే' అనింది. అందరి ముందర చెప్తే నేను గొప్ప పడతా అనుకునింది పిచ్చిది."

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

"నేను నవ్వినా. 'నువ్వా? పాల చీటీ రాసేకి రాదు, పత్రికకు రాస్తావా' అని నవ్వినా. అందరూ నవ్విరి. నవ్వు వచ్చేకొద్దీ నాకు ఇంకా హుషారైపోయింది. పెన్సిలు తీసి చేతికిచ్చినా. తెల్లకాగితం పరిచినా. 'రాయి, ఈడే, మా ముందర. ఒక్క లైను రాయి చూస్తాం' అన్నా. ఆమె పెన్సిలు పట్టుకునింది పాపా. నీళ్లు మోసి మోసి బొబ్బలెక్కిన చెయ్యి. వణుకుతాండాది. ఏం రాస్తాది, నలుగురు మగాళ్లు మీద పడి చూస్తాంటే? ఒక్క గీత గీసి ఆపేసింది. నేను ఆ కాగితం ఎత్తి అందరికీ చూపించినా. 'ఇదో చూడండప్పా, మా ఇంటి కవిత్వం' అని. 'పో, పోయి నీళ్లు పట్టుకో' అని పంపిచ్చినా. పోయింది. చచ్చేదాక మళ్లా ఆ మాట ఎత్తల్యా. ఎత్తకుండానే ఇంకా రెండేండ్లు రాసింది చూడు, ఎంత గట్టిదో! ఆ నలుగురిలో ఎవురూ ల్యారు ఇప్పుడు. నవ్వినోన్ని నేనొక్కన్నే ఉండా. నేనే సాక్షి."

అంజనమ్మ శాలువా మడత పెట్టడం మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయింది. టీలు తెచ్చిన మనిషి ట్రేతో గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ కప్పు అందుకోలేదు.

లహరి కళ్లు తుడుచుకుంది. "తాతా, ఇది రాస్తే మొత్తం రాయాల. కాగితం సంగతి, నవ్విన సంగతి, అన్నీ. అచ్చులో వస్తుంది. ఎవరెవరో చదువుతారు."

"చదవనీ. నా పేరు రావాలంటే అట్లనే రానీ పాపా. రాసింది కదిరమ్మ, నవ్వినోడు తిప్పేష్ అని రాయి."

అంతమంది ముందర, అరవై ఎనిమిదేళ్ల మనిషి, నానిన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.